మీ నాయనను అడిగినావా?

మా జియాలజీ సారు పోయారు. ఆ సంగతి నాకు ఆయన ఫోన్ నుంచే తెలిసింది.

అప్పుడు నేను గుత్తి దగ్గర ఒక పల్లెలో, వేరుశెనగ చేనులో నిలబడి ఉన్నాను. బోరు వేసే ముందు నేలను పరీక్షించి చెప్పడం నా పని. ఇనుప కడ్డీలు వరసగా దిగ్గొట్టి, వాటికి వైర్లు తగిలించి, భూమిలోకి కరెంటు పంపి, మీటరులో వచ్చే అంకెలతో గ్రాఫు గీస్తాను. కింద నీళ్లు ఉండే వీలుందో లేదో దాన్ని బట్టి చెప్పాలి. ఆ చేనులో ఒకచోట గ్రాఫు నన్ను తికమక పెట్టింది. కింద నీళ్లున్న పగులు ఉండొచ్చు, ఉత్త మెత్తటి మన్నూ ఉండొచ్చు. ఇలాంటప్పుడు నేను ఏళ్ల తరబడి చేస్తున్నది ఒకటే. ముందురోజు సాయంత్రం గ్రాఫును ఫోటో తీసి సారుకు పంపించాను. మర్నాడు పొద్దున చేనులో ఉండగానే ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. హమ్మయ్య అనుకుని, "సార్, నీళ్లేనా, మన్నా?" అన్నాను. అవతల ఉన్నది ఆయన భార్య. "మీ సారు ఇంక లేడమ్మా" అన్నారు.

రైతు నా ముఖమే చూస్తున్నాడు. "నీళ్లు లేవంటనా మేడమా?" అని అడిగాడు. ఆ బోరు మీద అతని కూతురి చదువు ఆధారపడి ఉంది. ఆ అమ్మాయి ఇంటర్ పాసయింది, అనంతపురంలో డిగ్రీ చదవాలని ఆశ. "బోరన్నా ఏయాల, పాపను కాలేజీకన్నా పంపాల. రెండూ నాతో కాదు. నీళ్లు పడితే పాప సదువు అదే జరుగుతాది" అని అతను ముందురోజే చెప్పాడు. నీళ్లు పడకపోతే రెండూ పోతాయని నేను అనలేదు, అతనూ అనలేదు. "నాలుగు రోజుల్లో వచ్చి చెప్తానన్నా" అని మీటరు సర్దుకుని బస్సెక్కాను. దారంతా ఫోన్ తీసి చూస్తూనే ఉన్నాను. నేను పంపిన ఫోటో కింద రెండు నీలం టిక్కులున్నాయి. సారు చూశారు. చూసి ఏమనుకున్నారో చెప్పకుండానే వెళ్లిపోయారు.

నేను పుట్టు భయస్తురాలిని. కంబదూరు దగ్గర మా పల్లె నుంచి అనంతపురం డిగ్రీ కాలేజీకి వచ్చిన కొత్తలో హాజరు పిలిస్తే సగం లేచి, గొణిగి కూర్చునేదాన్ని. జియాలజీ అంటే ఏమిటో తెలిసి చేరినదాన్ని కాదు. మిగతా గ్రూపుల్లో సీట్లు అయిపోయాయి, ఇందులో మిగిలాయి, అంతే. ఫ్యాను కింద కుర్చీ దొరికే ఏ ఉద్యోగమైనా చాలన్నది నా లక్ష్యం. మొదటి రోజు సారు ఒక్కొక్కరినీ లేపి ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నారని అడిగారు. ముందు బెంచీలవాళ్లు భూగర్భ సంపద, దేశ ప్రగతి అని ఏదేదో చెప్పారు. నా వంతు వచ్చేసరికి ఏమీ తోచక, "వేరే దాంట్లో సీటు రాలేదు సార్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. "పొద్దున్నుంచి ఇప్పటికి ఒక నిజం వినబడింది. కూసోమ్మా" అన్నారు.

పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది, దాని కింద తెల్లటి మరక. ఎవరైనా రాయి తెచ్చి ఇస్తే తడిమి, బరువు చూసి, చివరికి నాలుక కొనకు తాకించేవారు. మగపిల్లలు వెనక బెంచీలో "సారు పొద్దున తిన్న ఉగ్గానిలో ఉప్పు సాల్లేదేమో" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయనకు వినబడేది. "నువ్వూ నాకి సూడప్పా. నాలుకకు అతుక్కుంటే బంకమన్ను, లేకుంటే నీ అదృష్టం" అని ఆ రాయి వాళ్ల చేతుల్లోనే పెట్టేవారు.

ప్రాక్టికల్స్‌లో ఆయన పద్ధతి వేరు. తెలియని ప్రశ్నకు వెంటనే "తెలియదు సార్" అన్నవాళ్లకు ఒక మార్కు వేసేవారు. తెలిసినట్టు నాలుగు మాటలు తిప్పి తిప్పి చెప్పినవాళ్లకు ఉన్న మార్కు తీసేసేవారు. "రోగం తెలీకుంటే డాక్టరు ఇంకో డాక్టరు కాడికి పంపుతాడు. నీళ్లు తెలీకుంటే మనోడు బోరు బండిని పిలుస్తాడు" అనేవారు. నాకు ఆ రకంగా చాలా మార్కులే వచ్చాయి. తెలియదు మార్కులతోనే డిగ్రీ పాసయ్యేటట్టున్నావని హాస్టల్లో అమ్మాయిలు ఆట పట్టించేవాళ్లు.

మొదటి సంవత్సరం తొలకరి వానలు పడగానే మమ్మల్ని వజ్రకరూరుకు తీసుకుపోయారు. వానకు మన్ను కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయని, ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటారు. బస్సు దిగగానే మేమూ వంగాం. వజ్రం దొరికితే ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది కూడా నేను తేల్చేసుకున్నాను. సారు మాత్రం ఒక ముసలామె పక్కన గొంతుక్కూర్చుని, "అవ్వా, ఆ రాయి తీసినావు, ఈ రాయి ఎందుకు తీయలే?" అని అడుగుతున్నారు. "ఎండ నా మొగానికి ఎదురుగా ఉండేటట్టు నడస్తా నాయనా. మెరిసేది దూరం నుంచే తెలుస్తాది. ఊరికే వంగితే నడుము పోతాది" అందామె. ఆ మాటలను ఉన్నదున్నట్టు మా చేత రికార్డు పుస్తకంలో రాయించారు. మార్కుల కోసం నేను గుండ్రటి అక్షరాలతో రాశాను. ఎందుకు రాయించారో మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

రెండో సంవత్సరంలో డైకుల పాఠం వచ్చింది. మన జిల్లాలో భూమి లోపల నల్లరాయి గోడలు వరసగా పోతుంటాయి, అవే డైకులు. పల్లానికి పోయే నీళ్లకు ఆ గోడ అడ్డం పడుతుంది కాబట్టి పైవైపున నీళ్లు నిలిచే వీలుంది. ఈ పాఠం విన్నాక దసరా సెలవులకు ఇంటికి పోయాను. మా చేనులో నల్లరాళ్ల వరస కనబడింది. సగం మన్నులో కూరుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా. చిన్నప్పటి నుంచి దాని మీద కూర్చుని శెనక్కాయలు తిన్నదాన్నే, అప్పటిదాకా దాన్ని చూడనే లేదనిపించింది. మా వైపు అరచేతిలో టెంకాయ పట్టుకుని నడిచి, అది లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పేవాళ్లుంటారు. మా నాయన అలాంటి ఒకాయనకు కబురు పెట్టబోతున్నాడు. "టెంకాయ పట్టే ఆయప్ప వద్దు నాయనా. ఈడ ఎయ్యి" అని రాళ్ల వరసకు పైవైపున కాలితో గీత గీశాను. నాయన ఆ వరసను చూశాడు, నన్ను చూశాడు. ఏదో అనబోయాడు. "సరే పాపా" అన్నాడు.

బోరులోంచి సాయంత్రం దాకా తెల్లటి దుమ్ము లేచింది. చుక్క తడి లేదు. ఊరంతా నిలబడి చూసింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. సెలవులు అయిపోయినా నేను కాలేజీకి పోలేదు. అమ్మకు జ్వరమని చెప్పాను. పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టేశాను. తెల్లారితే నాయన ముఖం చూడాలి కదా అన్న దిగులుతోనే రోజులు గడిచాయి.

మూడో వారంలో సారు మా ఊరికి వచ్చారు. హాజరు పట్టీలో నా పేరుకు ఎదురుగా అన్నీ సున్నాలే చూసి, హాస్టల్లో అడిగి, బస్సెక్కి వచ్చారు. నాయన కంగారుపడిపోయి నులకమంచం వేసి దాని మీద దుప్పటి పరిచాడు. సారు కాఫీ తాగి చేను చూపించమన్నారు. దారిలో నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన రాళ్ల వరస దగ్గర కూర్చుని ఒక రాయి కిందికి చెయ్యి పోనిచ్చారు. పక్క రాయిని పట్టుకుని ఊపారు. అది కదిలింది. డైకు అయితే కదలదు.

"ఈ రాళ్లు ఈడ పుట్టినవి గాదు. యాడివో మీ నాయనను అడిగినావా?"

అడగలేదు. నాయన అక్కడే, నాలుగడుగుల దూరంలో, తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అది మా నాయన ఏసిన గట్టు సార్" అన్నాడు మెల్లగా. "వానకు మన్ను కొట్టకపోతాందని ఆ గుట్ట కాడ నుంచి బండితో తోలినాడు. నేను సిన్నోన్ని అప్పుడు. నేనూ మోసినా."

"మరి పాపకు సెప్పలేదేమప్పా?"

నాయన నేల చూశాడు. "పాప కాలేజీలో సదువుతాండాది. నాకంటే తెలిసుంటాది, అడ్డం మాట్లాడేదెందుకులే అనుకుంటి సార్."

నేను చదువుకుని మొదట చేసిన పని మా నాయన నోరు మూయించడం. కావాలని చేయలేదు, ఎప్పుడు చేశానో కూడా నాకు తెలియదు. ఈ పనిలో నా భయమంతా అందుకే.

సారు లేచి చేతులు దులుపుకున్నారు. "తప్పు చేసినావు. సరే. ఇంట్లో కూసుంటే అది తప్పుగానే ఉండిపోతాది. వచ్చి నేర్చుకో. ఎవరిని ఏం అడగాలో తెలిసిందంటే నీ మూడేండ్లు దండగ గాదు" అన్నారు.

"తీస్కపో సార్" అన్నాడు నాయన. "రేపు పాప మళ్లా సెప్తే మళ్లా ఏస్తా."

సారు నా వైపు తిరిగారు. "విన్నావు గదా. ఇప్పుడు భయపడు" అన్నారు.

ఆ భయంతోనే డిగ్రీ పూర్తి చేశాను, పైచదువు చదివాను. ఫ్యాను కింద కుర్చీ మాట మళ్లీ తలవలేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఏ చేను గురించి ఫోన్ చేసినా సారు ముందు గ్రాఫు సంగతి ఎత్తేవారు కాదు, "రైతును అడిగినావా?" అనేవారు. అడిగాను సార్ అని నేను చెప్పాకే మిగతా మాట. కొన్నేళ్లకు ఆ ప్రశ్న ఆపేశారు, నేర్చుకుందిలే అనుకుని ఉంటారు. ఆయన ఆపేశాక నేనూ మెల్లగా ఆపేశాను. రోజుకు రెండు చేలు చూడాలి, మీటరు అంకెలు చూపిస్తోంది, ఇంక అడిగేదేముంది అనుకున్నాను. ఈ మాట ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

సారు ఇంటి ముందు ఎండలో చాలామంది పాత విద్యార్థులున్నారు. మా బ్యాచ్‌వాళ్లలో ఒకడు పోలీసు, ఒకడు కిరాణా అంగడి పెట్టుకున్నాడు. "రాళ్ల పేర్లన్నీ మర్చిపోయినాను గానీ, తెలీనిది తెలీదని చెప్పే రోగం మాత్రం పోలేదక్కా. దానివల్ల బేరాలు పోతాండాయి" అన్నాడు అంగడతను, కళ్లు తుడుచుకుంటూ. సారు భార్య నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు. "పొద్దున కాఫీ తాగుతా నీ గ్రాఫే సూస్తాండె" అన్నారు. అడగకూడని సమయమని తెలుసు. అయినా అడిగాను, ఏమన్నారని.

"'గ్రాఫు పంపింది గానీ, రైతు ఏం సెప్పినాడో ఒక్క ముక్క రాయలేదే ఈ పాప' అన్నాడు. తర్వాత నీకు ఫోన్ చేస్తా అన్నాడు."

అక్కడే ఏడ్చేశాను. సారు పోయినందుకు ఏడ్చానో, పట్టుబడినందుకు ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

నాలుగో రోజు మళ్లీ గుత్తి వైపు ఆ చేనుకు పోయాను. రైతు, కూతురు నాకోసం ఎదురు చూస్తున్నారు. గ్రాఫు తికమక పెట్టిన చోట గుర్తు కోసం నేను దిగ్గొట్టిన కొయ్యమేకు అలాగే ఉంది. ఈసారి మీటరు దించలేదు.

"అన్నా, ఈ సోట ముందు ఏముండె?"

కూతురు తండ్రి వైపు చూసింది. అప్పుడు చెప్పాడు. "మా తాత తవ్విచ్చిన బాయి ఉండె మేడమా. ఎండిపాయ. దాని లోపల బోరు దించినాము, అదీ ఎండిపాయ. మన్ను పోసి సదును చేసినాము."

గ్రాఫులో కనిపించిన మెత్తదనం ఆ పూడ్చిన మన్నుదే. "మొన్ననే ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాను.

"సెప్తే నువ్వు వద్దంటావు గదా."

మా నాయన నా చదువు మీద గౌరవంతో నోరు మూసుకున్నాడు. ఇతను ఆశతో. రెండుసార్లూ నేను అడిగి ఉంటే సరిపోయేది.

"వద్దన్నా, ఈడ ఎయ్యొద్దు. మిగతా చేనంతా సూసినాను. నీళ్లు ఉండాయో లేవో నాకు తెలీదు. తెలీకుండా ఎయ్యమని సెప్పలేను."

"సదువుకున్నోళ్లే తెలీదంటే మేము యాడికి పోవాల?" అని గట్టిగా అరిచాడు. నేను కడ్డీల కట్ట దగ్గరికి నడిచాను. నేను కాదన్న చేనులో రేపు ఇంకెవరో టెంకాయ పట్టి నీళ్లు చూపించొచ్చు. నిజంగానే నీళ్లు పడనూ వచ్చు. ఆ భయం ఈ అక్షరాలు రాస్తున్నప్పుడు కూడా ఉంది. ఇప్పుడు దాన్ని చెప్పుకోవడానికి ఆ నంబరు లేదు.

ఆ అమ్మాయి కడ్డీల కట్ట భుజాన పెట్టుకుని నన్ను రోడ్డు దాకా సాగనంపింది. సగం దూరం వచ్చాక, తండ్రికి వినబడకూడదన్నట్టు, "అక్కా, డిగ్రీలో చేరితే హాస్టల్లో సీటు దొరుకుతాదా? ఆడ ఎవరిని అడగాల?" అంది. నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది ఎవరికి తెలుస్తుందో చెప్పాను.

బస్సు వస్తుంటే ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం. చేను మధ్యలో అతను ఒక్కడే వంగి, రెండు చేతులతో ఆ మేకును ఊపుతున్నాడు. అది ఊడి వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని, ఎటు విసరాలో తోచనట్టు, ఎండలో అలాగే నిలబడిపోయాడు.