గ్యాలరీలో ఇంగ్లీషు పాఠం

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా కామాటిపుర చాల్‌లో, అంటే వరసగా ఒంటి గదులుండే పాత బిల్డింగులో, ఎలుక కనబడితే, నేను చెప్పేసరికి అది మేకవుతుంది. అసలు ఏది కల్పించానో చివర్లో ఒప్పుకుంటాను.

దగ్గర్లోని హైస్కూల్లో కొత్త పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి మధ్యాహ్నాలు ఊరికే వెళ్ళేవాణ్ణి. కాబూల్ నుంచి తల్లితో శరణు కోరి వచ్చిన పద్నాలుగేళ్ల అమ్మాయి అక్కడ చేరింది. దీపావళి సెలవుల తర్వాత ఇంగ్లీషులో మాట్లాడి చూపిస్తే తొమ్మిదో తరగతి, లేకపోతే ఐదో తరగతి అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. బడిలో ఆ పిల్ల నోరు విప్పదు. అందుకని సాయంత్రాలు మా చాల్ గ్యాలరీలో, గదుల ముందుండే పొడుగాటి వసారాలో, పాఠం పెట్టాను.

అదే గ్యాలరీలో పక్కింటి అవ్వ చాట ముందేసుకుని కూర్చుంటుంది. ఆమె కేకేస్తే ఫాక్‌లాండ్ రోడ్డు మీద టాక్సీలు ఆగుతాయి. సొంత మనవడు మాత్రం ఆగడు. "ఆజీ, మలా కళత్ నాహీ" అంటూ, తెలుగు తనకు అర్థం కాదని మరాఠీలో చెప్పి మెట్లు దిగిపోతాడు. తెలుగులో మాట్లాడేందుకు ఇంట్లో మనిషి దొరక్క అవ్వ మొహం వాచిపోయి ఉంది.

"గా ఇంగ్లీషు ఏడికి పోతది మాస్టరా, రేపు చెప్పరాదు? బిడ్డా, గిట్ల రా, గీ పప్పుల రాళ్లు ఏరు."

అమ్మాయి వెళ్ళేది. రాళ్లతో పాటు మాటలూ ఏరుకునేది. చూస్తుండగానే తెలుగులో చాయ్ అడిగింది, బేరమాడింది, కూరగాయలవాణ్ణి తిట్టింది. అది వినడానికి చాల్ అంతా ఎగబడితే ఆ బరువుకు బిల్డింగు జానెడు కుంగింది.

ఒకరోజు పుస్తకాలు సర్దుకుని, "పోత అవ్వా" అంది.

"ఛీ, పోత అనొద్దే పిల్లా! పోయొస్త అనాలె. మల్ల రావా ఏంది?"

"పోయొస్త అవ్వా."

"చూసినవా మాస్టరా? నీ పుస్తకం కన్న నా చాట నయం."

నేను పగలబడి నవ్వి పుస్తకం మూసేశాను. తర్వాత చాలా సాయంత్రాలు తెరవనేలేదు. నా జోకులకు నవ్వే పిల్ల నాకూ దొరికింది మరి.

పరీక్ష రోజు మేడమ్, మీ ఇంటి గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగారు. అమ్మాయి పెదవులు కదిపింది, ఆగింది, నా వైపు తిరిగింది.

"మామా, తెలుగుల చెప్పనా?"

మేడమ్‌కు ఆ మాట అర్థం కాలేదు. నాకైంది. ఎప్పుడూ తోచే జోకు ఆ పూట తోచలేదు.

ఐదో తరగతి బెంచీలో ఆమె మోకాళ్లు పట్టలేదు. కొన్నాళ్లకు బడికి రావడం మానేసింది. ఆ తర్వాత తల్లీకూతుళ్లు పక్క వీధిలోని అద్దె గది ఖాళీ చేశారు. వెళ్ళే ముందు బడి గేటు దగ్గర కనబడి, "అవ్వకు చెప్పు మామా, పోయొస్త" అంది. ఆ కబురు విన్నప్పటి నుంచీ అవ్వ తన చాట పక్కన ఒక పీట వేసి ఉంచుతుంది. ఎవరినీ కూర్చోనివ్వదు.

ఇక ఒప్పుకోలు. బిల్డింగు కుంగలేదని మీకూ తెలుసు. టాక్సీలు మాత్రం నిజంగానే ఆగుతాయి. నేను కల్పించింది గేటు దగ్గరి మాట. వాళ్లు ఎప్పుడు వెళ్ళారో నేను చూడనేలేదు. "పోయేటప్పుడు పిల్ల ఏమన్నది మాస్టరా?" అని అవ్వ అడిగింది, ఏదో ఒకటి చెప్పాలి కదా.