గూటిలో నా తల వెంట్రుక

మేం చిన్నగా ఉన్నప్పుడు... తెల్లారి కళ్ళు తెరిస్తే మొదట కనిపించేది చూరు కింద వేలాడే ముంత. మూతి విరిగిన ముంతకు మా అమ్మ పక్కన చిన్న బొక్క చేసి, తాడుతో వాసానికి కట్టింది. అందులో పిచ్చుకలు కాపురం పెట్టేవి.

నేను మంచం దిగేదాన్ని కాదు. వెల్లకిలా పడుకుని అట్లాగే చూసేదాన్ని... పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా జారేది. ఆ వెలుతురులో దుమ్ము తేలేది. ఆ దుమ్ములోంచి పిచ్చుక వచ్చేది. ముక్కున ఒకసారి గడ్డిపోచ, ఒకసారి కొబ్బరిపీచు, ఒకసారి మా అమ్మ తల వెంట్రుక.

అప్పట్లో దువ్వుకుంటే ఊడిన వెంట్రుకలు ఎవరూ పారేసేవాళ్ళు కాదు. వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ సందులో దూర్చేవాళ్ళు. సూదులు, పిన్నీసులు అమ్మే ఆమె వస్తే వాటికి మార్చుకునేవాళ్ళు. ఆమె వచ్చేలోపే సగం పిచ్చుకలు లాక్కుపోయేవి. "నా జడంతా పోయి పిట్టల పరుపయింది" అని అమ్మ నవ్వేది.

ఒక పొద్దున చూస్తే... ముంత కింద పిల్ల ఒకటి వేలాడుతోంది. కాలికి వెంట్రుక చుట్టుకుంది. రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. నేను నిచ్చెన కోసం ఉరికాను.

"ముట్టకే! మనిషి చెయ్యి తాకితే తల్లి మల్ల దగ్గరికి రాదు" అని అమ్మ నా రెక్క పట్టి ఆపింది.

అమ్మ మాటంటే మాటే. నిలబడిపోయాను. పొద్దెక్కేసరికి పిల్ల కొట్టుకోవడం మానేసింది. తల్లిపిట్ట మాత్రం మాపటిదాకా దాని చుట్టూ తిరుగుతూనే ఉంది...

ఇదంతా ఇప్పుడెందుకంటే... నాకు అక్షరమ్ముక్క రాదు, నేను చెప్తుంటే నా బిడ్డ సునీత టైపు చేస్తోంది. మన హానోవర్ తెలుగువాళ్ళ గ్రూపులో మొన్న ఎవరో నా ఫోటో పెట్టారట. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, స్టూలెక్కి, పిట్టల పెట్టె దగ్గర చెయ్యి పెట్టిన ఫోటో. "ఇట్లాంటి ఆంటీల వల్లే ఇక్కడ మన పరువు పోతోంది" అని కింద రాశారట. పరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు జరిగింది వినండి.

"అమ్మా, జర మెల్లగ చెప్పు. కోపంగ రాస్తే మంచిగుండదు" అంటోంది సునీత.

"నేను చెప్పింది చెప్పినట్టు రాయే. మెత్తగ చేసినవంటే ఊకోను."

సునీత వాళ్ళ ఇంటి వెనక పెరట్లో యాపిల్ చెట్టుంది. కింది ఇంట్లో ఉండే జర్మనీ ముసలామె ఇంగ్రిడమ్మ దానికి ఒక చెక్కపెట్టె కట్టింది. ఒకటే గుండ్రటి బొక్క. చలి తగ్గాక అందులోకి నీలిపిట్టలు వచ్చాయి... నెత్తిన నీలం టోపీ, పసుపుపచ్చ పొట్ట, గుప్పిట్లో పట్టేంత ప్రాణం. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే నా చాయ్ చల్లారిపోయేది. లోపల ఎవరు పిలిచినా వినపడేది కాదు.

బాల్కనీలో తల దువ్వుకుని, అలవాటు కొద్దీ ఊడిన వెంట్రుకలు ఉండచుట్టి కమ్మీల సందులో పెట్టాను. మర్నాడు లేవు. నీలిపిట్ట ముక్కున నా తెల్లవెంట్రుక ఎండకు మెరుస్తూ పోతుంటే... అబ్బ, నాకు మళ్ళీ ఎనిమిదేళ్ళొచ్చాయి. ఆ సంబరంలో చిన్నప్పటి ఆ పొద్దు మర్చేపోయాను. రోజూ పెట్టాను. తప్పు నాదే, దాచను.

పిల్లలు ఎగిరే రోజు వచ్చింది. ఒక్కొక్కటే బొక్కలోంచి తల బయటపెట్టడం, జడిసి లోపలికి పోవడం, మళ్ళీ రావడం... పోవడం. ఆఖరిది దూకింది గానీ ఎగరలేదు. బొక్క కింద తలకిందులుగా ఆగిపోయింది. కాలికి తెల్లటి పోగు... నాదే.

కత్తెర, స్టూలు పట్టుకుని మెట్లు దిగాను. నా వెనకే మనవరాలు మేఘన. ఇంగ్రిడమ్మ "నైన్, నైన్!" అని, వద్దు వద్దని అరుస్తూ బయటికొచ్చింది.

"అమ్మమ్మా, గూడు ముట్టొద్దట. రూల్ అట. ఎవరికో ఫోన్ చేస్తదట, వాళ్ళొస్తరట" అంది మేఘన.

"వాళ్ళొచ్చేదాక అది బతుకుతదా అడుగు."

మేఘన అడిగింది. ఇంగ్రిడమ్మ పిల్ల వంక చూసింది. వచ్చి నా స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకుంది. మీ ఫోటోలో ఆమె పడలేదు, అంతే!

వెంట్రుక కత్తిరించాను. అరచేతిలో దాని గుండె... అది గుండెనో వణుకో చెప్పలేను. తీసుకెళ్ళి కొమ్మమీద పెట్టాను. ఒక కాలు వంకరగా పెట్టి కూర్చుంది.

ముగ్గురం గడపమీద కూర్చున్నాం. నేను ముట్టాను కదా... తల్లి వస్తుందా? ఆకులు కదిలినప్పుడల్లా తలెత్తాను. ఎంతసేపయిందో తెలియదు. ఎండ చెట్టు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది.

వచ్చింది. ముక్కున పచ్చటి పురుగు. నా చెయ్యి తాకిన పిల్ల నోట్లోనే పెట్టింది! మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో, మేం చూస్తుండగానే, పిల్ల తల్లి వెంట కంచె దాటిపోయింది.

అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకు తెలియదు, అంతే. తెలిస్తే నిచ్చెన తనే వేసేది... ఇంగ్రిడమ్మ నా చేతిలో కాగితం రుమాలు పెట్టింది. కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు ఊడిన వెంట్రుకలు చెత్తబుట్టలోనే వేస్తున్నాను. మీరూ బయట పెట్టకండి. ఆ ఫోటో తీసేస్తారో ఉంచుకుంటారో మీ ఇష్టం.

మా ఊళ్ళో ఇళ్ళన్నీ స్లాబులయ్యాయి, పిచ్చుక దూరే సందు లేదు. అప్పుడు పిట్టలు అడగకుండానే మన ఇంట్లో ఉండేవి... ఇప్పుడు మనమే ఇల్లు కట్టిపెట్టి, వస్తాయా రావా అని కిటికీ దగ్గర నిలబడుతున్నాం.

మీ ఇంట్లో పిచ్చుకలు ఎక్కడ గూడు పెట్టేవి? ఫోటోల వెనకా, దూలం మీదా, మీటరు డబ్బాలోనా? రాయండి... సునీత చదువుతుంది, నేను వింటాను.