పిచ్చుకపిల్లను నిమిరిన వేలు

నా చిన్నప్పుడు మా పెరటి గోడ దాటితే పత్తి చేనే. పచ్చపురుగు ఏ మందుకూ లొంగని ఏళ్లవి. వారం తిరక్కుండానే మళ్లీ మందు కొట్టేవారు. గుంటూరు బస్సెక్కినా కిటికీలోంచి ఆ మందు వాసనే.

నేను అడిగీ అడిగీ విసిగిస్తే మా నాన్న పండ్ల పెట్టె చెక్కలు కోసి పిచ్చుకలకు గూడు చేశాడు. వంటింటి చూరు కింద వేలాడదీయగానే ఒక జంట వచ్చి కాపురం పెట్టింది. పిల్లలు పుట్టాక బడి నుంచి రావడం, స్టూలెక్కి చూడటం, అదే నా పని. ఒక సాయంత్రం ఉండబట్టలేక ఒక పిల్లను వేలితో నిమిరాను. ఇంకా ఈకలు రాని ఆ ఒంట్లో గుండె కొట్టుకోవడం నా వేలికి తెలిసింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి పిల్లలన్నీ చచ్చిపోయి ఉన్నాయి.

"గూట్లో ఎవరే చెయ్యి పెట్టింది? మనిషి వాసన తగిలితే తల్లి మళ్లీ దగ్గరికి రాదు," అంది మా నాయనమ్మ. కోపంతో అనలేదు, తనకు తెలిసింది చెప్పింది. నేను లోపలికి పారిపోయాను. మిరపకాయల బస్తాల చాటున కూర్చుని ఆ వేలిని చర్మం లేచిపోయేదాకా గోడకేసి రుద్దుకున్నాను.

పొలం నుంచి వచ్చిన నాన్న నా వేలు చూసి, సంగతంతా మెల్లగా రాబట్టాడు. నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. తల్లిపిచ్చుక ముక్కున పురుగుతో ఇంకా గూటి చుట్టూ తిరుగుతోంది.

"వదిలేసిన తల్లి మేత ఎందుకు తెస్తదమ్మా?" అన్నాడు.

"మరెందుకు చచ్చిపోయాయి నాన్నా?"

ఒక పిల్లను తీసి చూశాడు. దాని నోట్లో సగం మింగిన పచ్చపురుగు ఉంది. నాకు తెలియదని ఆయన అంటే సరిపోయేది, నేను నమ్మేదాన్ని. కానీ నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పొద్దున చేలో మందు కొట్టా గదా. ఆ పురుగుల్నే ఏరుకొచ్చి పెట్టింది. నీ వేలు వల్ల కాదే తల్లీ. నేను కొట్టిన మందు వల్ల."

"అయితే ఇంక కొట్టొద్దు."

"కొట్టకపోతే చేను దక్కదమ్మా," అని తల దించుకున్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికైనా అబద్ధం చెప్పలేదు.

ఇద్దరం కలిసి వాటిని మునగచెట్టు మొదట్లో పాతిపెట్టాం. తర్వాత ఆయన గూటి కంతలో పాతగుడ్డ కుక్కేశాడు. నేను ఏడ్చాను. మందు కొట్టే రోజుల్లో పిచ్చుకలు ఇక్కడ గుడ్లు పెట్టకపోవడమే మేలని నచ్చజెప్పాడు. పత్తికట్టె పీకించాక తనే గుడ్డ తీశాడు. ఆ వేసవిలో పుట్టిన పిల్లలు ఎగిరిపోయిన పొద్దున, చల్లారిపోతున్న కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన నా పక్కనే నిలబడ్డాడు.

నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. నా పొరపాటుకు వాళ్లు తమను తాము తిట్టుకుంటూ బిక్కమొహాలు వేస్తే, మాట దాటేద్దామని నాకూ అనిపిస్తుంది. మందు వాసన వదలని చొక్కాతో మట్టిలో కూర్చున్న మా నాన్న గుర్తొస్తాడు. నేనూ వాళ్ల ఎదురుగా కింద కూర్చుని, అది నా వల్లే జరిగిందని చెబుతాను.