చెల్లెమ్మకు అమ్మ చెప్పిన హైదరాబాదు

ఆవిడ మా జగ్గయ్యపేటకు మూడు నెలల కోసం వచ్చింది. తన దేశంలో స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా చర్చి స్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతానని వచ్చి, ఆ ఆవరణలోనే ఒక గదిలో ఉండేది. మా ఇల్లు వెనక వీధిలోనే. నేను నందిగామలో ఇంగ్లీషు టీచర్ని కాబట్టి ఆవిడకీ ఊరికీ మధ్య మాటలు మోసే పని నాకు పడింది. సాయంత్రం నందిగామ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడ మా వసారాలో అమ్మ పక్కన చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కనిపించేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటల తరబడి ఏదో చెప్పుకుని నవ్వుకునేవారు. ఏం చెప్పుకున్నారో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

మొదట్లో అమ్మ ఆవిణ్ణి "దొరసానమ్మా" అని పిలిచేది. ఆ మాటకు అర్థం తెలిశాక ఆవిడ ఒప్పుకోలేదు. వయసులు చూసుకుంటే ఆవిడ అమ్మ కంటే రెండేళ్ళు చిన్న. ఆ రోజు నుంచి "చెల్లెమ్మా" అయింది.

తిరిగి వెళ్ళే ముందు నాలుగు రోజులు హైదరాబాదు చూసి, అక్కడి నుంచే విమానం ఎక్కుతానంది. తోడు వద్దు, ఒక్కదాన్నే వెళ్తానంది. నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని. ఆ ధీమాతో రెండు పేజీల జాగ్రత్తలు రాసిచ్చాను. సీలున్న నీళ్ళ సీసాలే కొనాలి. కోసి పెట్టిన పండ్లు తినకూడదు. ఆటో ఎక్కితే ముందే బేరం తేల్చుకోవాలి, లేదంటే ఫోన్లో కారు పిలుచుకోవడం మేలు. గుడికైనా మసీదుకైనా భుజాలు కప్పుకుని వెళ్ళాలి, చెప్పులు బయట విడవాలి. పాస్‌పోర్టు, ఫోను, డబ్బు, హోటలు కార్డు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని, ఆ సంచిని ఎక్కడా వదలకూడదు. ఈ చివరి మాట కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆవిడ శ్రద్ధగా చదువుకుంటుంటే అమ్మ నన్ను అడిగింది. "ఏం రాసావే అందులో?"

అన్నీ తెలుగులో చెప్పాను.

"అన్నీ ఒక్క సంచిలోనా? అది పోతే?"

"పోకుండా చూసుకోవాలి మరి."

"చూసుకోలేకేగా ఎవరిదైనా పోయేది," అంది అమ్మ. నాకు కొంచెం కోపం వచ్చింది.

అమ్మ హైదరాబాదు వెళ్ళింది జీవితంలో ఒక్కసారి. నేను మూడో తరగతిలో ఉండగా వత్సవాయి దగ్గర పత్తి లోడు మీద నుంచి నాన్న జారిపడ్డాడు. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి, అమ్మ నాన్నతో పాటు హైదరాబాదు పెద్దాసుపత్రిలో నలభై రోజులు ఉంది. చదువు రాదు. బోర్డులు చదవలేదు. ఆసుపత్రి గోడ పక్కన మూడు రాళ్ళు పెట్టి వండుకుంటూ, మందులకీ పాలకీ ఆ మహానగరంలో తిరిగింది. నాన్న కుంటుకుంటూ అయినా తన కాళ్ళ మీద ఇంటికొచ్చాడు. ఆ నలభై రోజుల గురించి అమ్మ ఎప్పుడూ మాట్లాడేది కాదు. చెల్లెమ్మ ప్రయాణం పుణ్యమా అని మొదటిసారి నోరు విప్పింది.

"నడిచిపోయేవాళ్ళని దారి అడగమాక. ఏదో ఒకటి చెప్పి పోతారు. ఒకచోట కూర్చుని అమ్ముకునే ఆడవాళ్ళనడుగు. తప్పు చెప్తే మళ్ళీ నీ మొహం చూడాల్సొస్తదని నిజం చెప్తారు. తప్పిపోయావనుకో, ఇంక తిరగమాక. ఆళ్ళ దగ్గరే కూర్చో. తిరిగేకొద్దీ ఇంకా తప్పిపోతావ్."

నేను ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్తుంటే ఆవిడ నా కాగితం వెనకవైపు రాసుకుంది.

అమ్మకు అంతటితో తృప్తి కలగలేదు. ఆ శనివారం మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని నందిగామ వెళ్ళింది. బస్టాండు ముందు రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు, షేరాటోలు. ఆవిడ అడుగు ముందుకు వేసి రెండడుగులు వెనక్కి వస్తోంది. అమ్మ, చంటిపిల్లను ఎత్తుకుని వస్తున్న ఒకామెను చూపించింది. "ఆమె పక్కన నడువు. పరిగెత్తమాక, ఆగమాక." ఆవిడ ఆ తల్లి పక్కన చేరి దాటింది. అవతల నుంచి చెయ్యి ఊపింది. మళ్ళీ ఇవతలికి రమ్మంది అమ్మ. అలా ఆరుసార్లు దాటించింది. చెరకురసం బండి దగ్గర నిలబడ్డవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మా స్కూలు పిల్లలు ఎవరైనా చూస్తారేమోనని నా భయం.

ఇంటికొచ్చాక ఇంకో పాఠం. నా ఫోను నంబరు తెలుగులో కంఠతా పట్టమంది. "ఫోన్లో ఉందిగా అమ్మా, పైగా ఆవిడ ఇంగ్లీషులో చెప్పినా అర్థమవుద్దిలే," అన్నాను.

"ఆ అంకెలు వాళ్ళ యాసలో అంటే ఎవరికి తెలుస్తది? మీ నాన్న మంచం మీద ఉన్నప్పుడు మన ఊరి షావుకారింటి నంబరు పాటలాగా నేర్చుకుని పోయా. వార్డులో ఆయమ్మకి అప్పజెప్తే ఫోను కలిపేది. అది నోట్లో ఉండబట్టే నీ గొంతు రెండుసార్లు విన్నా."

ఆ రెండు ఫోన్లూ నాకు గుర్తున్నాయి. షావుకారింటి వసారాలో రిసీవరు పట్టుకుని, అన్నం తిన్నానని అబద్ధం చెప్పాను. అవతల అమ్మకు ఆ నంబరు ఎలా తెలుసని ఏనాడూ ఆలోచించలేదు.

వారం రోజులు ఆవిడ చిక్కుడుకాయల దగ్గరా, చర్చి మెట్ల మీదా ఆ పది అంకెలూ వల్లెవేసింది. "తొమ్మిది" ఆవిడ నోట "టొమ్మిడి" అయ్యేది. అమ్మ దిద్దేది.

ఆవిడ వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం, స్టాఫ్‌రూమ్‌లో కారేజీ విప్పుతుంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా, కోఠీల పూలమ్మేదాన్ని మాట్లాడుతున్న. ఈడ ఒక తెల్లామె కూసున్నది. ఏడుస్తున్నది. తెలుగుల ఈ నంబరే మళ్ళమళ్ళ చెప్తున్నది. మీ మనిషేనా?"

"మా మనిషే," అన్నాను.

పూలామె ఫోను ఆవిడ చేతికిచ్చింది. ఆటో దిగేటప్పుడు సంచి అందులో మరిచిపోయిందట. పాస్‌పోర్టు, ఫోను, హోటలు కార్డు, అన్నీ అందులోనే. అన్నీ ఒకచోట పెట్టుకోమన్నది నేనే. ఆవిడ ఆ మాట అనలేదు. "మీ అమ్మ చెప్పినట్టు కూర్చున్నాను," అని మాత్రం అంది.

అమ్మకు ఫోన్ చేసి, హైదరాబాదులో ఉన్న స్నేహితురాలిని పంపిస్తానన్నాను.

"కూర్చోమన్నది నేనైతే ఇంకెవరో పోతే ఎట్టా? పద," అంది.

నేను నందిగామలో ఎక్కిన బస్సు మా ఊరి దగ్గరి చిల్లకల్లులో ఆగేసరికి అమ్మ చేతిసంచితో హైవే పక్కన నిలబడి ఉంది. నగరం మొదలయ్యాక అమ్మ కిటికీకి అతుక్కుపోయి, "అప్పుడివేవీ లేవు," అని ఒకటి రెండుసార్లు అంది.

కోఠీ చేరేసరికి సాయంత్రం అవుతోంది. పూలగంపల వరసలో పీట మీద మా చెల్లెమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో మల్లెమొగ్గలు, వేళ్ళకు దారం. పూలామె పక్కనే మాల ఎలా కట్టాలో చూపిస్తోంది. అమ్మను చూడగానే ఆవిడ లేచింది, మొగ్గలన్నీ రోడ్డు మీద పడిపోయాయి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అలాగే నిలబడ్డారు. పూలామె ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నంలో సగం ఆవిడకు పెట్టిందట. అమ్మ ఆమె చేతులు పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ తల్లీ," అంది. ఆమె మా ముగ్గురికీ తలా ఒక మూర పూలిచ్చి, "మంచిగ పోయిరండి," అంది.

హోటలు పేరు ఆవిడకు గుర్తులేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర, కింద బేకరీ ఉంటుందని మాత్రం చెప్పగలిగింది. ముందు అది వెతుకుదాం, దొరక్కపోతే పోలీసుల దగ్గరికి వెళ్దామనుకుని బయల్దేరాం. మూడో సందులో దొరికింది. లోపలికి అడుగుపెట్టగానే కౌంటరు దగ్గరున్నాయన సంచి ఎత్తి చూపించాడు. సంచిలో కార్డు చూసి ఆటో ఆయన మధ్యాహ్నమే తెచ్చిచ్చి వెళ్ళాడట. తన పేరు కూడా చెప్పలేదట. ఆవిడ ఆ సంచిని గుండెకు హత్తుకుని సోఫాలో కూలబడింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి ఉండిపోయాను. చెల్లెమ్మే మమ్మల్ని తిప్పింది. తన పుస్తకం తెరిచి పట్టుకుని, చార్మినార్ ఎవరు ఎందుకు కట్టారో అమ్మకు చెప్పమని నన్ను తొందరపెట్టింది. అమ్మ తలెత్తి ఆ మినార్ల చివరిదాకా చూసింది. చూస్తూ చూస్తూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నలభై రోజులున్నావుగా. అప్పుడు ఇది చూళ్ళేదా?" అన్నాను.

"మీ నాన్నని చూసా," అంది.

గాజుల అంగళ్ళ దగ్గర ఇద్దరూ చెరో డజను గాజులు వేయించుకున్నారు. చెల్లెమ్మ చెయ్యి పెద్దది, గాజు ఎక్కించడానికి అంగడాయన నానా తంటాలు పడ్డాడు. ఆవిడ అబ్బా అమ్మా అంటుంటే అమ్మ పగలబడి నవ్వింది. అమ్మ అంతలా నవ్వగా చూసిన రోజులు నాకు ఎక్కువ లేవు.

సాయంత్రం బస్సులో అమ్మ సూర్యాపేట దాకా నిద్రపోయింది. లేచి గాజులు సవరించుకుని, "ఊరు బానే ఉందే," అంది. చెల్లెమ్మ రేపు విమానంలో ఏం తింటుందని అడిగింది. వాళ్ళే పెడతారని చెప్పాను. ఏం పెడతారో, కారం ఉంటుందో లేదో, జగ్గయ్యపేట వచ్చేదాకా అడుగుతూనే ఉంది.