రేకుల సందున రబ్బరు పట్టీ

నిన్న సాయంత్రం గోదావరిఖనిల గాలిదుమారం లేవంగనే మా కోడలు బట్టలు తీసుకురావడానికి మేడ మీదికి ఉరికింది. నేను మాత్రం గోడకూ కప్పుకూ నడుమ ఎక్కడన్న వెలుతురు కనిపిస్తదేమోనని మూలమూలా చూసుకుంట నిలబడ్డ. స్లాబు ఇంట్ల సందెక్కడిది, నా పిచ్చిగానీ!

బొగ్గుగనుల పక్క రేకుల ఇండ్లల్ల కాపురం చేసిన నా ఈడు ఆడవాళ్లకు ఈ భయం చెప్పనక్కర లేదు. పైనుంచి నేల తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టుల రోజూ బండలు పేల్చే బ్లాస్టింగు అదురుకు, రేకులు గోడకు ఆనే చోట సిమెంటు పగిలి సందు పడేది, ఆ సందులకెల్లి గాలి దూరిందంటే రేకు లేచిపోయినట్టే. అందుకని ఎండకాలం మొదట్లనే మగవాళ్లంతా పారేసిన కన్వేయర్ బెల్టు రబ్బరును పట్టీలుగా కోసి, డాంబరు పూసి, ఆ సందు మీద మేకులు కొట్టేవారు. మా ఆయనకు మాత్రం అన్నీ రేపే.

ఆ ఏడు పసిగుడ్డును ఎత్తుకొని తల్లిగారింటి నుంచి అప్పుడే వచ్చిన. మబ్బు పట్టింది. ఆయన డ్యూటీ దిగి మొహమైనా కడుక్కోకుండా నిచ్చెన ఎక్కిండు. పట్టీ సగం కొట్టిండో లేదో గాలి లేచింది, అంతలనే బ్లాస్టింగు సైరను కూసింది. సైరను వింటే ఇటుకో రేకో మీద పడుతదని, తినే కంచం విడిచైనా బయటికి రావడం మాకు అలవాటు. ఆ అలవాటునే బిడ్డను పట్టుకొని వాకిట్లకు ఉరికిన. ఎవరి ఇంటి రేకో గిర్రున తిరుగుకుంట వచ్చి మా దడి మీద పడ్డది.

“లోపలికి పోవే, పిల్ల పైలం!” అని పైనుంచి ఆయన ఒర్రుడు.

బయటుంటే గాలి, లోపలుంటే అదురు. ఎటు పోవాలె దేవుడా! గడపల్నే ఒదిగి, బిడ్డ మీదికి వంగి కూర్చున్న. ఇల్లు అదిరింది. పైనుంచి మళ్ల ఆయన గొంతు రాలేదు. మనిషి పోయిండనే అనుకున్న.

గాలి తగ్గినంక వాకిట్లకొచ్చి చూస్తే, మేకులు పడని సగం పట్టీ మీద బోర్లా పడుకొని, ఒంటి బరువుతోటే రేకును ఆపి ఉన్నడు. దిగినంక ఏడ్చుకుంట నోటికొచ్చినట్టు తిట్టిన. ఆయన డాంబరు చేతులు వెనక్కి పెట్టుకొని, వంగి పిల్ల మొహం చూసి నవ్విండు.

ఆ బస్తీ ఓపెన్‌కాస్టుల కలిసిపోయింది, ఆయన పోయి కూడా ఏండ్లాయె. ఇప్పటి ఇల్లు ఏ గాలికీ కదలదు, ఎవరూ పైకెక్కే పని లేదు. అయినా ఆ దినాలే బాగుండె అంటే పిల్లలు నవ్వుతరు. ఫికరు పడేటందుకైనా ఒక మనిషి ఉండాలె గదా.