బరువు ఎక్కువైంది, ఒకరు దిగండి

లిఫ్టు మెకానిక్కుకి పాడైన సామాను పారేసే గుణం లేదు. అతని అలమర తెరిస్తే పాత బటన్లు, వైర్లు, స్ప్రింగులు మీదపడతాయి. "ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా?" అని భార్య రోజూ తలంటుతుంది. అలాంటి మనిషి జబ్బులు చూసే యంత్రం చేశాడంటే అది మామగారి పుణ్యమే.

అల్లుడికి పని నేర్పిందీ, పిల్లనిచ్చిందీ ఈ మామగారే. ఒక పెద్దాసుపత్రిలో లిఫ్టు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. కానీ ఆసుపత్రి పేరెత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. "నేను పైకి తీసుకెళ్ళినవాళ్ళలో సగంమంది మళ్ళీ కిందికి రాలేదు. కళ్ళారా చూశాను!" అంటాడు. బాగైనవాళ్ళు మెట్లమీద నడిచి దిగిపోయారు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా వింటేగా! ఈమధ్య ఆయనకి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. డాక్టరు దగ్గరికి ససేమిరా అన్నాడు. ఈ మొండిమనిషి ఇలాగే చేజారిపోతాడేమోనని అల్లుడికి ముద్ద దిగడం మానేసింది.

"ఆయన ఆసుపత్రికి రాకపోతే ఆసుపత్రినే ఆయన దగ్గరికి తెస్తా" అని పాత టీవీ రిమోటు డొల్ల ఒకటి తీశాడు. వేలికి తగిలిస్తే ఒంట్లో ఆక్సిజన్ చెప్పే క్లిప్పు, జ్వరం కొలిచే పుల్ల అందులో బిగించాడు. అన్నీ బజార్లో దొరికేవే. కొత్తగా కనిపెట్టింది ఇసుమంతైనా లేదు. మామగారికి చూపు ఆనదు కాబట్టి యంత్రం మాట్లాడాలి. అలమరలో ఉన్న గొంతు ఒక్కటే, మూలపడ్డ లిఫ్టులోంచి ఊడదీసిన మాటల పెట్టె. దానికొచ్చింది అంతస్తుల పేర్లూ, ఒకే ఒక్క హెచ్చరికా. ఏం చేస్తాం, ఉన్నదాంతోనే సర్దాడు. ఒళ్ళు కులాసాగా ఉంటే "గ్రౌండ్ ఫ్లోర్" అంటుంది. జ్వరం పెరిగేకొద్దీ అంతస్తులు ఎక్కుతుంది. ఆక్సిజన్ ప్రమాదంగా పడిపోతే మాత్రం, "బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి" అంటుంది.

వీధి వీధంతా ఎగబడింది. "మా బుజ్జిగాడు పొద్దుట్నుంచీ మూడో అంతస్తులోనే ఉన్నాడండీ" అని ఒకావిడ మూల క్లినిక్కులో ఏడ్చింది. "ఎక్కడుంటున్నారని అడగలేదమ్మా, జబ్బేమిటని అడిగాను" అన్నాడు డాక్టరు, పాపం. అందరూ వేలు పెట్టారు గానీ మామగారు పెట్టలేదు. లిఫ్టు గొంతుని రిమోటులో ఇరికించడం ఆయనకి తలకొట్టేసినట్టయింది.

ఒక ఆదివారం ఆయాసం ముదిరింది. బతిమాలడానికి బంధువులంతా గదిలోకి దిగబడ్డారు. ఆ సందట్లో అత్తగారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది, అల్లుడు వేలికి క్లిప్పు తగిలించేశాడు.

"బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి."

ఆ మాటకి అసలు అర్థం అల్లుడికొక్కడికే తెలిసింది. అందరి చూపులూ భారీకాయుడైన తోడల్లుడి మీద పడ్డాయి.

"నన్నా? నన్నేనా?" అని ఉడుక్కున్నాడు తోడల్లుడు.

"కాదు. ఆఖర్న ఎక్కినవాళ్ళు ముందు దిగాలి" అన్నాడు మామగారు మంచంమీంచే. రొప్పుతున్నా ఆ గొంతులో పాత అధికారం వచ్చేసింది. "ఆ కుట్టుమిషనాయన ఇప్పుడే వచ్చాడు. దిగు నాయనా."

పక్కింటి కుట్టుమిషనాయన బయటికి నడిచాడు. యంత్రం మళ్ళీ అదే మాట అంది. తోడల్లుడు దిగాడు. అతని భార్య దిగింది. మెకానిక్కు భార్యా దిగింది.

"నేను మీ పెళ్ళాన్నండీ!" అంది అత్తగారు.

"రూలు అందరికీ ఒకటేనే. దిగు."

గదిలో మామా అల్లుళ్ళు మిగిలారు. "బరువు ఎక్కువైంది" అంది యంత్రం. అసలు సంగతి చెప్పేద్దామని అల్లుడు నోరు తెరిచాడు. ఆసుపత్రి పేరెత్తితే మళ్ళీ మొండికేస్తాడని మూసేశాడు.

"నువ్వు మెకానిక్కువి, ఉండాల్సిందే" అన్నాడు మామగారు ఆలోచించి. "అందరూ దిగినా లిఫ్టు మొరాయిస్తే, ఆపరేటరు దిగి కంపెనీకి అప్పగించాలి. నా సర్వీసులో ఒక్కనాడూ ఆ రూలు తప్పలేదు." దుప్పటి తోసేసి, మంచం పట్టె పట్టుకుని కాళ్ళు కిందపెట్టాడు. "దిగాను. ఇక రిపేరు ఎక్కడో నువ్వే చూడు, అల్లుడూ."

"ఆటో పిలవండి!" అని అల్లుడు వీధి దద్దరిల్లేలా అరిచాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందని, ఇంకాస్త ఆగుంటే చెయ్యిదాటిపోయేదని పెద్దాసుపత్రిలో చెప్పారు.

పై అంతస్తులో పడుకోబెట్టి బాగుచేశారు. ఇంటికి పంపే రోజున, "మెల్లగా మెట్లమీద దిగుదామా, మావయ్యా?" అన్నాడు అల్లుడు.

"నోర్ముయ్!" అని మామగారు లిఫ్టులోకి నడిచాడు. కిందికి చేరగానే "గ్రౌండ్ ఫ్లోర్" అంది లిఫ్టు. తలుపులు తెరుచుకున్నా ఆయన కదల్లేదు. స్టూలుమీద కూర్చున్న ఆపరేటరు భుజం తట్టాడు.

"నా మొహం సరిగ్గా చూసుకో, బాబూ. పైకెళ్ళినవాణ్ణి, కిందికి దిగాను. రేపు ఎవరితోనూ అబద్ధం చెప్పకు."