డ్రమ్మరు పాడిన కాసెట్టు

ఒక పేరున్న రాక్ బ్యాండు డ్రమ్మరు సొంతంగా పాడిన ఆల్బములు ఇవాళ ఫోనులో వరసగా వింటున్నాను. పాట కింద కామెంట్లలో ఎవరో రాశారు, డ్రమ్ములు కొట్టుకోక ఇతనికి పాటలెందుకని. ఒళ్ళు మండింది. చిన్నప్పుడు, తమిళుల ఊరు సింగానల్లూరులోని మా ఇంట్లో మా మామ అన్న మాటే అది.

కాసెట్టు ఎవరూ చెరపకుండా దాని అంచున ఉండే చిన్న బిళ్ళను విరిచేసేవాళ్ళం, గుర్తుందా? ఆ డ్రమ్మరు మొదటి ఆల్బము ఎక్కించుకుని నేనూ విరిచేశాను. మామ ఆ కంతలో కాగితం కుక్కి, తన పెళ్ళిలో ఉరుమి డోళ్ళ మోతను దాని మీదే రికార్డు చేశాడు.

నేను ఏడుస్తుంటే నవ్వాడు. "సుమ్మా, ఊరికే అరవొద్దు పాపా! ఎనక కూసోని కొట్టేవాడు పాడితే ఎవుడు వింటాడు?"

మా అవ్వ ఊరుకోలేదు. "ఏమిరా, దేవరాటం ఆడేటప్పుడు ఉరుమి కొట్టేవాడు నిలిపేస్తే నీ కాలు యాడ పెడతావు? వాడు ఎనకోడా?"

మామ తల గోక్కున్నాడు. నా పాటలు మాత్రం తిరిగి రాలేదు.

ఇవాళ అదే ఆల్బము పూర్తిగా విన్నాను. గొప్పదో కాదో తేల్చుకోలేకపోతున్నాను. రెండో పాట సాగదీసినట్టే ఉంది. కానీ ఆ మాట నేననొచ్చు, విన్నాను కనుక. మామ ఒక్క పాటయినా వినకుండానే చెరిపేశాడు.